మత్తు సూదికి లాగ్ ఫైల్ ఉండదా?

మా నాన్నగారికి శుక్లాల ఆపరేషన్ చేయించాం. లెన్సు బ్రహ్మాండంగా కూర్చుంది. చార్టులో అడుగు వరస దాకా గడగడా చదివేస్తున్నారు. కాకపోతే ఒక్కటే ఇబ్బంది... ఫ్యాను రెండుగా కనిపిస్తోంది, ఒకదాని మీద ఒకటి. ఒక కన్ను మూస్తే ఒకటే ఫ్యాను. రెండూ తెరిస్తే రెండు ఫ్యాన్లు. మెట్లు దిగేటప్పుడు ఏ మెట్టు నిజమో తెలీక అమ్మ చెయ్యి పట్టుకుని దిగుతున్నారు.

చెకప్‌కి వెళ్తే "ఆపరేషన్ సక్సెస్ అండీ" అన్నారు. నెల తర్వాత వెళ్తే "వయసు కదండీ, అలవాటైపోతుంది" అన్నారు. మూడోసారి "మీరు ఎక్కువ ఆలోచిస్తున్నారు" అన్నారు. మన ఆఫీసుల్లో దీన్నే "నా మెషిన్‌లో బాగానే పని చేస్తోందే" అంటాం. కాకపోతే మనల్ని టెస్టర్ వదిలిపెట్టడు. ఇక్కడ టెస్టర్ మా నాన్న, ఆయనకి డాక్టర్లంటే మహా గౌరవం.

చివరికి మెల్లకన్ను చూసే ఇంకో డాక్టరుగారు పది నిమిషాల్లో తేల్చారు. తేడా లెన్సులో లేదు, కంటిని కిందికి తిప్పే కండరంలో ఉంది. ఆపరేషన్‌కి ముందు కంటి పక్కన పొడిచిన మత్తు ఇంజెక్షన్ వల్లే అయ్యుండొచ్చు. "ఏ మందు? ఎంత ఎక్కించారు?" అని అడిగారాయన. డిశ్చార్జ్ షీట్ తీశాం. లెన్సు పేరు, పవరు, సీరియల్ నంబరు స్టిక్కర్‌తో సహా ఉన్నాయి. మత్తు దగ్గర మాత్రం రెండే అక్షరాలు: ఎల్.ఏ. అంటే లోకల్ అనస్థీషియా. అంతే!

నా గొడవంతా ఆ రెండక్షరాల మీదే.

ఇదేమీ నిన్న బయటపడ్డ వింత కాదు. ఈ మందులు కండరాన్ని దెబ్బతీస్తాయని 1959లోనే జంతువుల మీద ప్రయోగాలు చేసి రాశారు. లిగ్నోకైన్, బుపివకైన్... అన్నిటికీ అంతో ఇంతో ఈ గుణం ఉంది, బుపివకైన్‌కి మరీ ఎక్కువ. కండరం పోగులో కాల్షియం ఒక గదిలో దాచి ఉంటుంది. బిగియాలంటే కొంచెం బయటికి రావాలి, వదులవ్వాలంటే మళ్ళీ లోపలికి పోవాలి. మందు గాఢంగా తగిలితే కాల్షియం కారిపోతూనే ఉంటుంది, తిరిగి లోపలికి పోదు. పోగుకి శక్తినిచ్చే మైటోకాండ్రియా కూడా దెబ్బతింటుంది. మెమరీ లీకై ప్రాసెస్ చచ్చిపోయినట్టన్నమాట.

తొడలోనో పిరుదులోనో ఇలా కొన్ని పోగులు చచ్చినా మనకి తెలీదు. విత్తనంలాంటి కణాలు బతికే ఉంటాయి కాబట్టి మూడు నాలుగు వారాల్లో కొత్త పోగులు మొలుస్తాయి. కానీ కంటి కండరం నాలుగు సెంటీమీటర్ల సన్నటి పట్టీ. మందు నేరుగా దాన్లోకే పోతే మొదట నీరసపడుతుంది, తర్వాత మచ్చకట్టి బిగుసుకుపోవచ్చు. రెండు కళ్ళ గురి కొంచెం తప్పినా చాలు, లోకం రెండైపోతుంది.

ఇంకో తమాషా చెప్తా. బొటాక్స్‌ని మెల్లకన్ను వైద్యానికి తెచ్చిన ఆలన్ స్కాట్ ఉన్నాడే, ఆయన ఇదే బుపివకైన్‌ని కావాలనే కంటి కండరంలోకి ఎక్కించి మెల్లకన్ను సరిచేయొచ్చని 2007లో ప్రచురించాడు. దెబ్బతిన్న కండరం తిరిగి పెరిగేటప్పుడు బలంగా పెరుగుతుందని ఆయన లెక్క. అంటే వాళ్ళకి ఫీచర్‌గా వాడుకునేంత బాగా తెలిసిన సంగతి, మా నాన్న దగ్గరికొచ్చేసరికి "ఎక్కువ ఆలోచించడం" అయిపోయింది!

న్యాయంగా మాట్లాడుకుందాం. ఇది చాలా అరుదు. చూపు రెండవడానికి వేరే కారణాలూ ఉంటాయి: సూది గుచ్చుకోవడం, థైరాయిడ్, ఎప్పట్నుంచో ఉన్న మెల్ల శుక్లం తీశాక బయటపడటం. చుక్కల మందుతో అందరికీ ఆపరేషన్ కుదరదని కూడా తెలుసు. సూది వెయ్యొద్దని నేననడం లేదు. రాసిపెట్టమంటున్నా. మందు పేరు, ఎంత శాతం, ఎన్ని మిల్లీలీటర్లు, ఎక్కడ వేశారు. ఒక్క లైను! అమెరికాలో మత్తుమందు బాగా వ్యాపించడానికి కలిపే హయాలురోనిడేజ్ దొరక్క అది లేకుండానే సూదులేసిన రోజుల్లో, ఇలాంటి కేసులు గుంపుగా వచ్చాయని 1999లో రిపోర్టు చేశారు. ఎవరికి ఏం ఎక్కించారో రాసి ఉంది కాబట్టే కదా పట్టుకోగలిగారు? "ఎల్.ఏ." అని రాసుంటే ఏం పట్టుకుంటారు?

ఇంకో రెండు అడుగుతున్నా. సంతకం పెట్టించుకునే కాగితంలో "అరుదుగా చూపు రెండుగా కనిపించొచ్చు, అలా అయితే వెంటనే చెప్పండి" అని తెలుగులో ఒక వాక్యం. అలా చెప్పినవాళ్ళని కళ్ళజోడు మార్చి పంపెయ్యకుండా మెల్లకన్ను డాక్టరుకి చూపించడం.

"ఇవన్నీ చెప్తే జనం భయపడి ఆపరేషన్‌కే రారు" అంటారు కొందరు. నాన్నగారు ఇప్పుడు ప్రిజం అద్దాలతో పేపరు చదువుతున్నారు. రెండో కంట్లో శుక్లం ముదురుతోంది. ఆపరేషన్ అంటే చాలు, "నాకొద్దురా" అంటున్నారు. ఆయనకి ముందుగా ఎవరూ ఏమీ చెప్పలేదు మరి. ఆ భయం ఎక్కణ్ణుంచి వచ్చినట్టు?

మీ ఇంట్లో పెద్దవాళ్ళకి ఆపరేషన్ ఉంటే, ఇంటికొచ్చే ముందు ఆ షీటొకసారి చూడండి. "ఎల్.ఏ." అని ఉంటే అక్కడే కూర్చుని పూర్తిగా రాయించుకోండి. మొహమాటపడకండి, లెన్సు స్టిక్కర్ అతికించే టైము ఉన్నవాళ్ళకి ఇదొక లెక్క కాదు.