తాత బండికి వేరే ఇంజిను వద్దు

పొంగలుకి అందరం కలిసినప్పుడు జరిగిన గలాటా మీలో సగం మందికి తెలుసు. ఆ రోజు ఆకు ముందర కూర్చొని నేను గొంతు పెంచినాను, అది తప్పే. చెప్పిన మాట మాత్రం తప్పు కాదు. దాన్నే ఇప్పుడు నిదానంగా రాస్తా ఉండాను.

పెద్దత్త కొడుకు, మా బావ, ఫోనులో ఒక అంచనా చూపించినాడు. తాత 1966 స్టాండర్డ్ హెరాల్డుని ఒక పేరున్న షాపుకి ఇస్తే, వాళ్లు పాత ఇంజిను పీకేసి ఈ కాలపు చిన్న కారు ఇంజిను పెడతారంట. ఏసీ, పవర్ స్టీరింగు, మెరిసే ఎర్ర రంగు. ఏడు లక్షలు, ఐదు నెలలు. తలా కొంత వేసుకుంటే ఇంటి పెండ్లిళ్లకి పెండ్లికొడుకుని దాంట్లోనే తీసుకురావచ్చు, "తాత బండి" అని అందరూ ఫొటోలు తీసుకుంటారు అన్నాడు. అత్తలంతా తలలూపినారు. పద్నాలుగు నెలలుగా ఇంటెనక షెడ్డులో ఆ బండి కింద పడుకొని లేస్తా ఉండేది నేను. నన్ను ఒక్క మాట అడగలేదు. అది సరే. బండినీ అడగలేదు గదా!

ఈ బండి సంగతి మన పిల్లలకి తెలియదు. హెరాల్డు ఇంగ్లండులో 1959లో వచ్చింది. దాని రూపం గీసినాయన ఇటలీ దేశపు మిచెలోట్టి. మన మదరాసులో 1961 నుంచి స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్లు చేసినారు. ఆ కాలానికే చాలా కంపెనీలు చాసీ, బాడీ ఒకటిగా కలిపి చేస్తా ఉన్నాయి. హెరాల్డు చేసినవాళ్లకి అంత బాడీని ఒకటిగా అచ్చుకొట్టి ఇచ్చేవాళ్లు దొరకలేదు. అందుకని కింద వేరే చాసీ పెట్టి, పైన బాడీని ముక్కలుగా బోల్టులతో బిగించినారు. గతిలేక చేసిన పనే మనకి వరమయింది. బానెట్టు మడ్గార్డులతో సహా మొత్తం ముందరికి వాలిపోతుంది. ముందర టైరు మీద కూర్చొని ఇంజిను పని చేసుకోవచ్చు. లిఫ్టు వద్దు, గుంత వద్దు. ఒక జాకీ, నాలుగు స్టాండ్లు, రింగు స్పానర్ల సెట్టు ఉంటే చాలు. ఇంట్లో విప్పుకోవడానికి ఇంతకన్నా వాటమైన కారు నేను చూడలేదు. అట్లాంటిదాన్ని షాపుకి పంపిస్తామంటే, పెరట్లో బావి పెట్టుకొని నీళ్లు కొనుక్కునేటట్టు ఉంటుంది.

షాపువాళ్లు తక్కువ పనివాళ్లని నేను అనడం లేదు. కానీ ఆ షాపునుంచి బండిని చూడను వచ్చిన మనిషి ముందర చక్రం దగ్గర వంగి చూసి, "సార్, దీనికి ముందు గ్రీజు కొట్టాలి" అన్నాడు. నాకు అక్కడే విషయం తెలిసిపోయింది.

తాత బీరువాలో ఒక చిన్న నోటుబుక్కు దొరికింది. బండికి ఎప్పుడు ఏం చేసినారో అందులో రాసుకొన్నారు. మాట తెలుగు, అక్షరం అరవం. మన కోయంబత్తూరు ఇండ్లలో ఇది కొత్త కాదు, నేనే నలభై దాటినాక గదా తెలుగు అక్షరాలు దిద్దినాను. ఆ బుక్కులో ఒక పేజీలో, రెండు గీతలు కొట్టి మరీ: ముందర చక్రాల కాడ గేరాయిలే పోయాల, గ్రీజు వద్దే వద్దు. కారణం ఉంది. హెరాల్డు ముందర చక్రాన్ని పట్టుకొనే నిలువు కడ్డీ కింది కొసన మరలు ఉంటాయి. ఆ మరలు ట్రనియన్ అనే ఇత్తడి రంగు ముక్కలో కూర్చుంటాయి. స్టీరింగు తిప్పినప్పుడల్లా ఆ మరలే తిరుగుతాయి. గ్రీజు గట్టిగా ఉంటుంది గనక అడుగుదాకా దిగదు. నీళ్లు చేరి, తుప్పు పట్టి, మర అరిగి, ఒకరోజు కడ్డీ పుటుక్కున విరుగుతుంది. చక్రం పక్కకి పడిపోతుంది, బండి నేలకి దిగుతుంది. నల్లగా చిక్కగా ఉండే తొంబై నంబరు గేరాయిలు పోస్తే ఏ బాధా లేదు. మన తాత యాభై ఏండ్ల కిందట అరవ అక్షరాల్లో రాసి పెట్టిన ఈ సంగతి ఆ ఏడు లక్షల అంచనాలో ఎక్కడా లేదు.

ఇంజిను మాటకి వస్తాను. పాత ఇంజిను 948 సీసీ. ఒక లీటరు కూడా లేదు, నిజమే. బ్రేకులు నాలుగు చక్రాలకీ డ్రమ్ములే. వెనక చక్రాలు స్వింగ్ యాక్సిలు మీద వేలాడతాయి. మలుపులో వేగంగా పోతా సడన్‌గా యాక్సిలరేటరు వదిలితే వెనక చక్రం కిందికి మడుచుకోబోతుంది. ఇంత బలానికి ఇంత బ్రేకు, ఇంత స్ప్రింగు అని లెక్కేసి చేసిన బండి అది. దాంట్లో బలమైన ఇంజిను పెట్టి, పెండ్లికొడుకుని కూర్చోబెట్టి, పొల్లాచ్చి రోడ్డులో తోలుతారా?

చట్టం కూడా ఉంది. 2021లో కేంద్ర మోటారు వాహనాల నియమాలు మార్చినారు. మొదటి రిజిస్ట్రేషను అయ్యి యాభై ఏండ్లు దాటిన బండిని వింటేజి అనవచ్చు, కానీ చాసీ, బాడీ, ఇంజిను పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉంటేనే. వింటేజిగా రాయించుకున్న బండిని ప్రదర్శనకి, ర్యాలీకి, పెట్రోలుకి, రిపేరుకి తీసుకుపోవచ్చు. రోజూ తిరగడానికీ బాడుగకీ వీలు లేదు. బావ లెక్కలో పోతే ఇంజిను మార్చిన రోజే ఆ గౌరవం పోతుంది.

అమెరికాలో మిషిగన్‌లో ఉండే మా మేనల్లుడు ఇంటి గ్యారేజీలో 1969 కమారో విప్పి పెట్టుకొన్నాడు. దాన్ని వాళ్లు మజిల్ కారు అంటారు, వీ-8 ఇంజిను. అక్కడ ఆ కారు బాడీ మొత్తం కొత్తగా చేసి అమ్ముతారంట, డబ్బుంటే ఒక్క పాత రేకు లేకుండా కారు కట్టేయొచ్చు. అయినా వాళ్లు ఎక్కువ ధర దేనికి ఇస్తారో అడిగినాను. ఫ్యాక్టరీలో పెట్టిన ఇంజిను నంబరు, బండి నంబరు రెండూ సరిపోయినదానికి. మ్యాచింగ్ నంబర్స్ అంటారు. అన్నీ కొత్తగా దొరికే ఊర్లోనే పాత ఇంజినుకి ఆ విలువ ఉంటే, ఏమీ దొరకని మనం దాన్ని ఉక్కడం పాత ఇనుములో తూకానికి వేస్తామా?

నేను మడి కట్టుకొని కూర్చొనే రకం కాదు. బ్రేకు హోసులు, సిలిండరు రబ్బర్లు కొత్తవి వేసినాను. వైర్లన్నీ మార్చినాను, పాతవి ముట్టుకుంటే పొడి రాలింది. సీటు బెల్టులు పెట్టిస్తాను. ప్రాణానికి సంబంధించినది పాతదే ఉండాలని పట్టుబట్టేవాడు మూర్ఖుడు. దొరకని బుష్షులు ఆవారంపాళయం లేతు పట్టరైలో చేయించినాను. పాతది చేతికిస్తే చాలు, ఆ పెద్దాయన డ్రాయింగు కూడా అడగలేదు. ఊరినిండా లేతులు, ఫౌండ్రీలు పెట్టుకొని స్పేరు దొరకదనే మాట మన నోట రాకూడదు. మన మాటే మాట్లాడిన జి.డి. నాయుడుగారు మొదట ఏం చేసినారు? హోటల్లో పని చేసి కూడబెట్టిన డబ్బుతో ఒక మోటారు సైకిలు కొని, దాన్ని విప్పి మళ్లీ బిగించినారు. బస్సులు, కంపెనీలు అన్నీ ఆ తర్వాతనే.

తప్పులు నావి కూడా ఉన్నాయి. మొదటి నెలలో కొత్త రంగు మోజు నాకూ ఉండింది. డ్రైవరు తలుపు లోపలివైపు ఉప్పు కాయితంతో గీకేసినాను. సగం పోయినాక చూస్తే, ఆయిలు మార్చినప్పుడల్లా తాత పెన్సిలుతో మీటరు అంకెలు అక్కడ రాసుకొని ఉండారు. ఇప్పుడు 1974 అనే ఒక్క వరుస మిగిలింది. ఆ రోజు రాత్రి నాకు అన్నం దిగలేదు. ఆ తలుపుకి ఇక రంగు వేయను. ఎవరేమన్నా సరే.

ఇంకొక మాట, కోపం తెచ్చుకోకండి. హైదరాబాదునుంచి సంబంధం మాట్లాడను వచ్చినవాళ్లు మన తెలుగు విని నవ్వినప్పుడు, "మీ తెలుగు మార్చుకోండి, టీవీలో మాదిరి మాట్లాడండి" అన్నప్పుడు, అందరికన్నా ఎక్కువ రోషం వచ్చింది మా బావకే. మూడు వందల ఏండ్లకి పైగా ఈ మట్టిలో నలిగిన మాట ఇది, ఇట్లనే ఉంటాది అని కొట్టినట్టు చెప్పినాడు. ఆ రోజు నేను చప్పట్లు కొట్టినాను. బావా, ఆ మనిషివే ఇప్పుడు లోపలంతా పీకేసి పైరేకు మాత్రం మిగుల్చుకొని దాన్ని తాత బండి అంటావా?

ఏడు లక్షలు వద్దు. ఈ ఆదివారం గేరుబాక్సు దించాల. హెరాల్డుకి దాన్ని కిందినుంచి తీయరు, ముందర సీట్లు తీసి, నడిమి కవరు విప్పి, కారు లోపలినుంచే పైకెత్తాల. ఒక్కడివల్ల కాదు. పొద్దున ఏడుకి పాత లుంగీ కట్టుకొని రా. కిరసనాయిలు, గుడ్డపీలికలు నా దగ్గర ఉండాయి. అత్తని కొంచెం ఉప్మా కట్టి ఇమ్మను.