తూలినోళ్లంతా తాగినోళ్లేనా?



"పొద్దుగాలనే ఏసిండు, చూడు ఎట్ల తూలుతున్నడో." శ్రీరాంపూర్, నస్పూర్ కాలనీల్లో షిఫ్టుకు పోయే దారిలో ఈ మాట అననోళ్లు మనలో తక్కువ. ఆ మనిషి నాయన కూడా నలభై దాటినంక గోడ పట్టుకొని నడిచిండా? మేనత్త చేతిలో చాయ్ గ్లాసు ఒలికేదా? పక్కకు చూడమంటే కళ్లు మెల్లగా, బరువుగా కదిలేవా? ఇవి ఎవరూ అడగరు. అడిగితే, అది చిన్నమెదడు అరిగిపోయే వంశపు జబ్బేమోనన్న అనుమానమైనా వచ్చేది.

1971లోనే బొంబాయి డాక్టర్లు వాడియా, స్వామి తొమ్మిది కుటుంబాల్లో దీన్ని చూసి రాశారు: నడక తప్పుతుంది, కంటి కదలిక మందగిస్తుంది. ఆ లక్షణాలు బాగా కనిపించే రకాన్ని ఇప్పుడు ఎస్‌సీఏ2 అంటున్నారు. 1996లో దాని జన్యువు దొరికింది. తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకూ, ఆడైనా మగైనా, అది వచ్చే అవకాశం సగం. మేనరికాన్ని తిట్టి లాభం లేదు, ఈ రకానికి దానితో పని లేదు. చేతబడి అనుకొని మంత్రగాడికి పోసే పైసలతో పరీక్షకు హైదరాబాద్ నాలుగుసార్లు పోయి రావచ్చు.

మన సింగరేణి బొగ్గు బాయిల కాడ ఇంకో చిక్కుంది. తండ్రి మెడికల్ అన్‌ఫిట్ అయితే కొడుక్కు డిపెండెంట్ ఉద్యోగం. తండ్రి నుంచి వచ్చినప్పుడు ఈ జబ్బు తర్వాతి తరంలో ఇంకా చిన్న వయసులోనే మొదలు కావచ్చు. కాళ్లు అదుపు తప్పే రోజు ఆ పిల్లగాడు బాయి లోపల ఉంటే?

అట్లని కార్మికులకు ఎప్పటికప్పుడు చేసే వైద్య పరీక్షలో (పీఎంఈ) అందరికీ జన్యుపరీక్ష పెట్టమనడం లేదు. అది నౌకర్లు ఊడగొట్టే కత్తి అవుతుంది. సింగరేణి డిస్పెన్సరీల్లో, ఇష్టపడ్డ కుటుంబాలవి మాత్రమే, మూడు తరాల జబ్బుల చిట్టా గుట్టుగా రాయాలి. అనుమానమున్నోళ్లను కంపెనీ ఖర్చుతో హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రి జెనెటిక్స్ విభాగానికి పంపాలి. పరీక్షకు ముందు కౌన్సెలింగ్ ఉండాలి. లక్షణాల్లేని చిన్నపిల్లలకు పరీక్ష వద్దు. జబ్బును ఆపే మందు ఇంకా రాలేదు గనుక ఏరియా ఆసుపత్రిలో ఫిజియోథెరపీ ఏళ్ల తరబడి అందాలి. నౌకరిలో ఉండగా వైకల్యం వచ్చినోళ్లకు 2016 వికలాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ ప్రకారం అదే జీతంతో సర్ఫేస్ పని ఇవ్వాలి.

ఇవన్నీ అడుగుతూ కంపెనీకి ఇచ్చే వినతిపత్రం మీద సంతకానికి వచ్చే ముందు ఇంట్లో నాయనమ్మను, అమ్మమ్మను కూర్చోబెట్టి అడగండి: మనోళ్లలో ఎవరెవరికి, ఏ వయసులో అడుగు తడబడటం మొదలైంది? అది రాసుకొని రండి.