కళ్ళు పచ్చబడ్డాక చేసే లెక్కలు ఎవరి కోసం?



పిత్తాశయ క్యాన్సర్ గంగా మైదానంలో, ఈశాన్య రాష్ట్రాల్లో ఎక్కువ, మన దక్షిణాదిలో తక్కువ. ఈ ఒక్క ముక్క అధికారులకు భలే పనికొస్తోంది. "అరుదైన జబ్బు కదా, దానికోసం ఏజెన్సీలో స్కాన్ మిషన్లా?" అంటారు.

మా పెద్దమ్మకి కుడి డొక్కలో నొప్పి. మూడుసార్లు వెళ్తే మూడుసార్లూ గ్యాస్ మాత్రే. కళ్ళు పచ్చబడ్డాక డోలీ కట్టి దించాం. అప్పటికే గడ్డ కాలేయంలోకి పాకింది. "మీవాళ్ళు పసర్లు తాగి లేటు చేస్తారు" అన్నారు అక్కడ. తాగింది, నిజమే. కానీ మూడుసార్లు ఆసుపత్రికి వెళ్ళాకే తాగింది.

పెద్దాసుపత్రిలో రోగి ఎంతకాలం ఉంటాడో అంచనా వేయడానికి చాలా చూస్తారు. జబ్బు ఏ దశలో ఉంది, రక్తంలో బిలిరుబిన్ ఎంత, అల్బుమిన్ ఎంత, న్యూట్రోఫిల్స్‌కి లింఫోసైట్స్‌కి నిష్పత్తి ఎంత, సీఏ 19-9 ఎంత. ఆ చివరిదాన్ని ఒక్కదాన్నే పట్టుకోలేం. రాయి అడ్డుపడి కామెర్లొచ్చినా అది పెరుగుతుంది, కొందరి ఒంట్లో అసలు తయారే కాదు. ఇంకోటి ఉంది: రోగి లేచి తన పని తాను చేసుకోగలడా అన్నది. డోలీలో వచ్చిన మనిషికి ఆ ప్రశ్న వేసి మార్కులు తగ్గిస్తారు, మరి రోడ్డు వెయ్యనోళ్ళకి ఎవరు తగ్గిస్తారు?

రాళ్ళ ఆపరేషన్‌లో పిత్తాశయం తీసినప్పుడు మరీ తొలిదశలో బయటపడితే, ఆ ఆపరేషన్‌తోనే చాలామంది బతుకుతారు. ముదిరితే కథ వేరు. 2010లో అచ్చయిన పెద్ద ట్రయల్‌లో జెమ్‌సైటబిన్, సిస్‌ప్లాటిన్ రెండూ కలిపి ఇచ్చినా సగం మంది 11.7 నెలలు దాటలేదు. ఒక్క జెమ్‌సైటబిన్‌తో అయితే 8.1 నెలలే. ఆ తర్వాత కొత్త మందులు వచ్చాయిలెండి, మన దాకా రావడం వేరే సంగతి.

కొండ ప్రాంతాల్లో 20,000 మందికి ఒక పీహెచ్‌సీ, 80,000 మందికి ఒక సీహెచ్‌సీ ఉండాలని ప్రభుత్వ నియమమే చెప్తుంది. బోర్డు ఉంటే సరిపోదు. మిషన్ ఉండాలి, దాన్ని చూసే డాక్టర్ ఉండాలి, కనీసం సంత రోజునైనా ఉండాలి. క్యాన్సర్ అరుదే, పిత్తాశయంలో రాళ్ళు అరుదా? గర్భిణులు అరుదా? అందరికీ అదే మిషన్ కదా.

వచ్చే గ్రీవెన్స్ రోజున ఐటీడీఏలో అర్జీ పెడుతున్నాం. నొప్పితో తిరిగి తిరిగి గ్యాస్ మాత్రలతో వెనక్కొచ్చినవాళ్ళు మీ ఊళ్ళో ఉంటే, వాళ్ళనడిగి ఓపీ చీటీల జిరాక్స్‌లు పట్టుకురండి. పేర్లు కొట్టేసి, తేదీలు మాత్రం కనపడేలా.