అద్దం ఊడదీసి... రయ్యిమంటూ!

వాన, దుమ్ము, పురుగులు ముఖాన కొట్టకుండా కాపాడేది కారు ముందద్దమే. దాన్ని కోరి మరీ ఊడదీసేవాళ్లున్నారు బ్రిటన్‌లో! వాళ్ల కారు కేటర్‌హమ్ సెవెన్. కోలిన్ చాప్‌మన్ 1957లో తెచ్చిన లోటస్ సెవెన్‌కి వారసురాలు. దాని తయారీ హక్కులు 1973లో కేటర్‌హమ్ చేతికొచ్చాయి. రోడ్డు మీదా తిరగొచ్చు, రేస్ ట్రాకూ ఎక్కొచ్చు.

దీని అద్దాన్ని రెండువైపులా బోల్టులతో బిగిస్తారు. వైపర్లు తీసి, బోల్టులు విప్పితే ఊడొస్తుంది. దాని స్థానంలో ఏరోస్క్రీన్ అనే పొట్టి పలక పెడతారు. బరువూ, గాలి నిరోధమూ తగ్గి కారు మరింత చురుగ్గా దూసుకెళ్తుంది. అయితే పక్క తలుపులు వేలాడేదీ, టాపు తగిలించేదీ ఆ అద్దం చట్రానికే. అది పోతే అవీ పోయినట్టే. వానొస్తే తడవాల్సిందే!

చట్టం ఒప్పుకుంటుందా అంటారా? అద్దంలోంచి చూడకుండానే రోడ్డు బాగా కనిపిస్తుంటే వైపర్లు అక్కర్లేదంటాయి అక్కడి నిబంధనలు. కారులో హెల్మెట్ కూడా తప్పనిసరి కాదు. కానీ గంటకి 100 కిలోమీటర్లంటే సెకనుకి దాదాపు 28 మీటర్లు. ఆ వేగంలో ముందు లారీ చక్రం కింది గులకరాయి ఎగిరొచ్చి కంటికి తగిలితే? 2009లో హంగరీ ఫార్ములా వన్ క్వాలిఫయింగ్‌లో మరో కారు నుంచి ఊడిన స్ప్రింగు ఫెలిపె మాసా తలకు తగిలింది. పుర్రె చిట్లినా హెల్మెట్ ఉండబట్టి ప్రాణం దక్కింది.

కాబట్టి అద్దం విప్పడానికి పానా ఒక్కటే ఉంటే చాలదు, పక్కన హెల్మెట్టూ ఉండాలి!