మెటల్ డిటెక్టరు కొనేముందు

గుప్తనిధి అనగానే మనకి గుర్తొచ్చేది, అర్ధరాత్రి ఎవరో పాత గుడిని తవ్వి పోయారన్న పేపరు వార్తే. ఇక్కడ ఇంగ్లండులో అలా కాదు. ఆదివారం పూట పట్టపగలే పొలాల్లో మెటల్ డిటెక్టరు పట్టుకుని తిరుగుతుంటారు. చేపలు పట్టడంలాగా అదొక కాలక్షేపం. మన ఇళ్ళల్లో పిల్లలకీ, పెద్దలకీ కూడా ఈ సరదా పట్టుకుంటోంది. కాస్త మంచి మిషను కొన్ని వందల పౌండ్లుంటుంది కాబట్టి, కొనేముందు నాలుగు విషయాలు తెలుసుకుందాం.

ముందు మిషను సంగతి. కింద ఉండే గుండ్రటి కాయిల్ నేలలోకి అయస్కాంత క్షేత్రాన్ని పంపుతుంది. లోహం తగిలితే దాని స్పందన శబ్దంగా వినిపిస్తుంది, తెరమీద ఒక అంకె కనిపిస్తుంది. మామూలు మిషన్లు ఒకే ఫ్రీక్వెన్సీ మీద నడుస్తాయి. ఖరీదైనవి ఒకేసారి చాలా ఫ్రీక్వెన్సీలు వాడతాయి. సముద్రపు తడి ఇసుకలో ఈ తేడా బాగా తెలుస్తుంది. ఉప్పునీటిలోంచి కూడా కరెంటు పారుతుంది కాబట్టి మామూలు మిషను అక్కడ ఊరికే మోగుతూ ఉంటుంది. పొలాలకే వెళ్ళేటట్టయితే అంత డబ్బు పెట్టక్కర్లేదు.

ఇక మనకి కావలసిన బంగారం. సన్నటి ఉంగరానికీ, చాక్లెట్ చుట్టిన రేకుకీ, కూల్‌డ్రింక్ డబ్బా మూతకీ తెరమీద దాదాపు ఒకే అంకె వస్తుంది. చెత్త మోగకుండా సెట్ చేశారంటే బంగారం కూడా మోగదు! సన్నటి గొలుసు ఇంకా కష్టం, ఎందుకంటే ప్రతి లింకూ విడిగా ఒక చిన్న ముక్కలాగే లెక్క. బీచిలో మంగళసూత్రం జారిపోతే గొలుసుకన్నా పుస్తెలు మోగే అవకాశమే ఎక్కువ. అలా జరిగితే కంగారుపడి అంతా తొక్కెయ్యకండి. నిలబడ్డ చోటుని ఫోనులో గుర్తు పెట్టుకోండి. నీళ్ళు బాగా వెనక్కి తగ్గే సమయం చూసుకుని వెళ్ళండి. దగ్గర్లోని డిటెక్టరు క్లబ్బులో అడిగితే వెతికిపెట్టేవాళ్ళు దొరుకుతారు.

అన్నిటికన్నా ముఖ్యం చట్టం. ఎవరి నేలయినా యజమాని అనుమతి ఉండాలి. ప్రభుత్వం రక్షిత కట్టడాలుగా ప్రకటించిన చోట్ల ప్రత్యేక అనుమతి లేకుండా మిషను వాడడమే నేరం. 1996 నాటి ట్రెజర్ చట్టం ప్రకారం, 300 ఏళ్ళు దాటిన బంగారు, వెండి వస్తువులు దొరికితే 14 రోజుల్లోగా కరోనర్‌కి తెలియజెయ్యాలి. మ్యూజియం తీసుకుంటే దాని విలువని సాధారణంగా దొరికినవాళ్ళకీ, నేల యజమానికీ పంచుతారు. స్కాట్లండులో పద్ధతి వేరు, అక్కడ పాత వస్తువు ఏది దొరికినా చెప్పాల్సిందే. మన దేశంలోనూ 1878 నుంచి ఇలాంటి చట్టం ఉంది. 10 రూపాయల విలువ దాటిన నిధి దొరికితే కలెక్టరుకి చెప్పాలి.

చెప్పడంవల్ల ఏమొస్తుందంటారా? 1992లో సఫోక్‌లోని హాక్సన్ ఊళ్ళో ఒక రైతు సుత్తి పొలంలో పోయింది. దాన్ని వెతకడానికి వెళ్ళిన ఎరిక్ లాస్ అనే ఆయనకి రోమన్ల కాలం నాటి బంగారం, వెండి తగిలాయి. ఆయన అంతా తవ్వి తీసుకోకుండా వెంటనే కబురు పెట్టాడు. పురావస్తువాళ్ళు వచ్చి దాదాపు 15,000 నాణేలని, నగలని ఉన్నవి ఉన్నట్టు బయటికి తీశారు. ఆయనకి 17.5 లక్షల పౌండ్లు వస్తే రైతుతో పంచుకున్నాడు. ఆ సుత్తి కూడా ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలోనే ఉంది. 2015లో హియర్‌ఫర్డ్‌షైర్‌లో ఇద్దరికి వైకింగుల కాలం నాటి నిధి దొరికింది. వాళ్ళు చెప్పకుండా అమ్ముకున్నారు, జైలుకి వెళ్ళారు. నాణేల్లో చాలావాటి జాడ మాత్రం తెలియలేదు. ఏవి దేని పక్కన ఉన్నాయో చెప్పేవాళ్ళు లేకపోతే, ఆ కథ ఇక ఎవరికీ తెలియదు.

రోజూ దొరికేవి మాత్రం గుండీలు, మేకులు, అరిగిపోయిన పెన్నీలే. వాటిలో పాతవాటిని మీ కౌంటీలో ఉండే ఫైండ్స్ లయజాన్ ఆఫీసరుకి చూపిస్తే నమోదు చేస్తారు. ఇలా నమోదైనవి ఇప్పటికే 15 లక్షలు దాటాయి. అందుకని పిల్లాడికి మిషను కొనిస్తే, దాంతోపాటు ఒక నోటుపుస్తకం కూడా ఇవ్వండి. ఏది, ఎక్కడ, ఎంత లోతులో, ఏ రోజు దొరికిందో రాయమనండి. తవ్విన గుంట పూడ్చి రమ్మనడం మాత్రం మర్చిపోకండి.