నైపుణ్యం వెల, ఓటరు సాకు

బ్రిటిషు పాలకులు వలసలను గురించి మాట్లాడినప్పుడల్లా రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి "నైపుణ్యాల కొరత", రెండవది "ఓటర్ల అభిప్రాయం". కొరత వచ్చింది గనక మనుషుల్ని రప్పించామంటారు. ఓటర్లకు కోపం వచ్చింది గనక తలుపులు మూశామంటారు. ఎండా వానా వచ్చినట్టు యీ రెండూ వాటంతటవే వచ్చాయనీ, ప్రభుత్వం చేసిందల్లా గొడుగు పట్టడమేననీ వాళ్ళ భావం. మన విద్యావంతులలో కూడా చాలామంది యీ మాట నమ్ముతున్నారు. నేను నమ్మను. కొరతను తయారుచేసిన చేతులే కోపాన్ని కూడా తయారుచేశాయని నా వాదం.

ముందు కొరత సంగతి చూద్దాం. 1948లో, జాతీయ ఆరోగ్య సేవ మొదలైన వేసవిలోనే, ఎంపైర్ విండ్‌రష్ ఓడ కరీబియన్ దీవుల జనాన్ని టిల్బరీ రేవులో దింపింది. 1956లో లండన్ ట్రాన్స్‌పోర్టువారు బార్బడోస్‌కు స్వయంగా వెళ్ళి బస్సులకూ రైళ్ళకూ పనివాళ్ళను ఎంపిక చేసుకున్నారు. 1962 చట్టం వలస కార్మికులను మూడు తరగతులుగా విడదీసింది: ఉద్యోగం చేతిలో వున్నవారు, కావలసిన నైపుణ్యం వున్నవారు, తక్కినవారు. 1965లో లేబరు ప్రభుత్వం మూడవ తరగతిని ఎత్తివేసి, సాలుకు 8,500 వోచర్లకు మించరాదన్నది. డాక్టర్లకు మాత్రం దారి తెరిచే వున్నది. గుంటూరు, విశాఖపట్నం వైద్య కళాశాలల్లో చదివినవాళ్ళు ఎందరో ఆ దారినే వెళ్ళారు. వాళ్ళ చదువుకు ఖర్చుపెట్టింది మన రైతూ కూలీ కట్టిన పన్నులు. ఆ ఖర్చు మిగిలింది బ్రిటన్‌కు. ఎవరు ఎవరికి ఋణపడి వున్నారో చరిత్ర పుస్తకాలలో వెతకనక్కరలేదు, యీ లెక్క చాలు.

ఇప్పటి సంగతి ఇంతకంటె భిన్నంగా లేదు. ఇంగ్లండులో నర్సింగు విద్యార్థుల ఉపకార వేతనాన్ని 2017లో రద్దుచేశారు. 2020లో కొంత సహాయం తిరిగి ఇచ్చారు. వృద్ధులకూ వికలాంగులకూ సేవచేసే కేర్ వర్కర్లకు చట్టం ఒప్పుకునే కనీస వేతనానికి దరిదాపుల్లోనే జీతాలు ఇస్తూ వచ్చారు. జనం ఆ పని మానుకున్నారు. 2021–22 నాటికి ఇంగ్లండులో ఆ రంగంలో లక్షా అరవై వేలకు పైగా ఖాళీలు తేలాయి. జీతం పెంచితే తీరే కొరత అది. జీతం పెంచలేదు; 2022 ఫిబ్రవరిలో వీసా తలుపు తెరిచారు.

ఎలా తెరిచారో కూడా చూడాలి. వచ్చిన కార్మికుడి నివాస హక్కును యజమాని లైసెన్సుకు ముడివేశారు. నోరెత్తితే ఉద్యోగం పోతుంది, ఉద్యోగం పోతే దేశం విడవాలి. 2022 జూలై నుంచి 2024 డిసెంబరు దాకా 470కి పైగా కేర్ సంస్థల లైసెన్సులు రద్దుచేశామనీ, వాటితో ముడిపడిన కార్మికులు 39,000 మంది అనీ ప్రభుత్వమే ఒప్పుకున్నది. తీరా 2025 జూలై 22న బయటి దేశాల నుంచి యీ పనికి మనుషుల్ని తీసుకోవడమే ఆపేశారు. నైపుణ్యమంటే డిగ్రీ స్థాయి వుండాలన్నారు, సాధారణంగా ఏటా 41,700 పౌండ్ల జీతం వుండాలన్నారు. మంచం పట్టిన ముసలమ్మను లేపి కూర్చోబెట్టి, స్నానం చేయించి, మందు వేసి, రాత్రంతా కనిపెట్టుకుని వుండే పని 2022లో వీసాకు తగింది, 2025లో తగకుండా పోయింది. ముసలమ్మ మారలేదు, పనీ మారలేదు. నైపుణ్యమన్న పేరుతో వాళ్ళు కొలుస్తున్నది జీతాన్ని. ఆ జీతాన్ని తక్కువగా వుంచింది కూడా వాళ్ళే.

ఇక ఓటరు. 1964లో స్మెథిక్‌లో వర్ణద్వేషం నిండిన ప్రచారంతో కన్సర్వేటివు అభ్యర్థి పీటర్ గ్రిఫిత్స్ లేబరు నాయకుడు గోర్డన్ వాకర్‌ను ఓడించాడు. లేబరు పార్టీ పాఠం నేర్చుకున్నాననుకుని, తాను వ్యతిరేకించిన 1962 చట్టాన్ని మరింత బిగించింది. 1968 మార్చిలో కెన్యా ఆసియావాసులకు తలుపు మూసింది. అంతటితో ద్వేషం చల్లారిందా? కొద్ది వారాలకే, ఏప్రిల్ 20న, ఇనాక్ పవెల్ బర్మింగ్‌హామ్ ఉపన్యాసం వచ్చింది. ఈ పవెల్ 1960–63 మధ్య ఆరోగ్య మంత్రి. అతని ఆసుపత్రులు నడిచింది వలస వచ్చిన డాక్టర్ల, నర్సుల చేతులమీదనే. అతనికి మద్దతుగా లండన్ రేవు కార్మికులు పార్లమెంటుకు ఊరేగారు. శ్రామికవర్గ పక్షాన వున్నవాళ్ళం గనక ఆ సంగతి మనం దాచకూడదు.

తరువాతి కథా అంతే. వలసలను ఏటా లక్షలోపుకు దించుతామని 2010లో కామెరాన్ వాగ్దానం చేశాడు, నెరవేర్చలేదు. 2016 రెఫరెండంలో ఆ ఆగ్రహమూ ఓటు వేసింది. యూరప్ బంధం తెగి, చట్టమంతా తమ చేతికి వచ్చాక, నికర వలస 2023 నాటికి సంవత్సరానికి తొమ్మిది లక్షలు దాటింది. తగ్గిస్తామన్న పార్టీ ఏలుబడిలోనే యిది జరిగింది. 2025 మే స్థానిక ఎన్నికల్లో రిఫారం పార్టీ గెలుపు చూసి, పదిరోజులు దాటీ దాటకముందే స్టార్మర్ కొత్త ఆంక్షల పత్రం తెచ్చాడు. దేశం అపరిచితుల ద్వీపమవుతుందేమోనన్నాడు. నెలన్నర తిరిగేసరికి ఆ మాట అన్నందుకు చింతిస్తున్నానన్నాడు. మాట వెనక్కి పోయింది, ఆంక్షలు నిలిచాయి. అరవై యేళ్ళుగా ప్రతి లొంగుబాటూ నిప్పులో నెయ్యిగానే పనిచేసింది.

ఆ ఓటరు నిజానికి ఏమంటున్నాడు? మొత్తం వలసలు తగ్గాలా అని సర్వేవాళ్ళు అడిగితే చాలామంది తగ్గాలంటారు. నర్సులు తగ్గాలా, డాక్టర్లు తగ్గాలా, కేర్ వర్కర్లు తగ్గాలా అని విడివిడిగా అడిగితే అలా అనేవాళ్ళు కొద్దిమందే. ఇది మూర్ఖత్వమని కొందరు మేధావులు నవ్వుతారు. నాకు నవ్వు రాదు. మొత్తం అంకె అతనికి పత్రిక చెప్పింది. నర్సును అతను తల్లి మంచం పక్కన చూశాడు. అద్దె పెరగడం, ఆసుపత్రిలో వరస పెరగడం అతను అనుభవిస్తున్న నిజాలు. 1980 చట్టం మునిసిపల్ ఇళ్ళను అమ్మకానికి పెట్టింది, అమ్మినన్ని మళ్ళీ కట్టలేదు. ఆ నిజాన్ని అతనికి చెప్పవలసిన పార్టీ వలసదారు వైపు వేలు చూపుతున్నది. అతన్ని జాత్యహంకారి అని తిట్టి ఊరుకునే వామపక్షీయుడు ఆ పార్టీకి సాయం చేస్తున్నట్టే లెక్క.

మనవాళ్ళలో మరొక వాదం వుంది. "మేం నైపుణ్యం వున్నవాళ్ళం, పన్నులు కడుతున్నాం, పడవల్లో వచ్చేవాళ్ళతో మమ్మల్ని కలపకండి" అంటారు కొందరు డాక్టర్లూ ఇంజనీర్లూ. యజమాని వేసిన వెలచీటీని మెడలో పతకంలా వేసుకోవడం ఇది. 2018లో విండ్‌రష్ కుంభకోణం బయటపడింది: పిల్లలుగా చట్టబద్ధంగా వచ్చి జీవితమంతా అక్కడే పనిచేసినవాళ్ళను కాగితాలు లేవని అక్రమవాసులన్నారు, కొందరిని దేశంనుంచి పంపేశారు. 2024 ఆగస్టు అల్లర్లలో, సండర్లాండ్‌లో ఆసుపత్రి అత్యవసర విధికి టాక్సీలో పోతున్న ఫిలిప్పీన్స్ నర్సులమీద రాళ్ళు పడ్డాయి. రాయి విసిరినవాడు వీసా తరగతి అడగలేదు.

కనుక అక్కడికి పోయే మన విద్యార్థులూ, వాళ్ళను పంపే ఉపాధ్యాయులూ అడగవలసింది తమ తరగతికి ప్రత్యేక తలుపు కాదు. నివాస హక్కును యజమాని చేతినుంచి తప్పించాలని అడగాలి. కేర్ పనికి మనిషి బతికే జీతం కావాలని, ఆ పని చేసే ఇంగ్లీషువాళ్ళతో కలిసి, ఒకే యూనియన్‌లో నిలబడి అడగాలి. వలసదారు జీతం తగ్గిస్తాడన్న భయం ఆ యూనియన్‌లోనే తీరుతుంది. స్మెథిక్ ఓటరుతో 1964లో ఎవరూ మాట్లాడని సంగతి అదే.