మునిగిన కింది వీధి
శ్రీశైలం జలాశయం 885 అడుగులకు చేరిందని టీవీలో చెప్పగానే అందరూ సంబరపడతారు. నేనూ పడతాను, మా సీమ గొంతు తడిపేది ఆ నీళ్లే. కానీ ఆ అంకె వింటే నాకు ముందు మా కింది వీధే గుర్తొస్తుంది. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆనకట్ట 1980ల మొదట్లో నిండినప్పుడు కృష్ణ ఒడ్డున మా ఊరు సగం మునిగింది. మిట్ట మీది ఇళ్లు మిగిలాయి. రచ్చకట్ట, చింతతోపు, మా జేజి కొర్రలు దంచిన రోలు నీళ్లపాలయ్యాయి. ఎండాకాలం నీళ్లు వెనక్కి పోతే సంగమేశ్వరం గుడి బయటపడుతుంది, సప్తనదుల సంగమంలో వేపమొద్దు శివయ్యకు మళ్లీ పూజలు మొదలవుతాయి. ఆ గుడిని చూసి మురిసిపోని మనిషి మా చుట్టుపక్కల లేడు. మేమూ ఆ రోజుల్లోనే ఎండి నెర్రెలిచ్చిన ఒండ్రులో దిగి మా గడప వెతుక్కుంటాం. ఇది పెద్దమ్మ వాళ్ల వసారా, ఇది ఎద్దుల కొట్టం అని పిల్లలకు చూపిస్తాం. పరిహారం లెక్క వేరు, ఈ జ్ఞాపకాల లెక్క వేరు. మునిగిన ప్రతి ఊరి పేరూ ఆనకట్ట దగ్గర రాతి మీద చెక్కాలి, మన పిల్లల పాఠాల్లోకి ఎక్కాలి. మాది ఎక్కడని ఎవరడిగినా ఇప్పటికీ కింది వీధి అనే చెబుతాను.